మూడు గ్రాముల గోదావరి

రాత్రి పదకొండు దాటింది మా వసారాలో.
లేసు మడతలు తెల్లగా, ఊపిరి బిగబట్టినట్టు.
రెండొందల పన్నెండు పార్సిళ్ళు.
దయామణి టేపుని పళ్ళతో కొరుకుతోంది,
కత్తెర ఒళ్ళోనే ఉంది.

పెట్టె దగ్గరే సగం పని, అంటాను కొత్తపిల్లతో.
మూలలు మెత్తబడ్డ అట్ట వద్దు.
ఊపితే లోపల కదలకూడదు.
చీటీ మడత మీదకి రాకూడదు,
నల్లగీతల మీద టేపు మెరవకూడదు.
మెరిసిందా, కౌంటరు మీది ఎర్రదీపం దాన్ని చదవదు.
అప్పుడు మీరావలి గారు కళ్ళజోడు నుదుటికెత్తి
పదమూడు అక్షరాలూ ఒంటివేలితో కొడతారు,
వెనకాల లైన్లో పింఛను ముసలాళ్ళు నిట్టూరుస్తారు.
ఆ నిట్టూర్పు మన ఖాతాలోకే వస్తుందమ్మాయ్.

పిన్‌కోడు మొదటి అంకె చూసి కుప్పలు పొయ్యి.
ఐదు మనది, మన పక్కోళ్ళది.
ఆరు అరవం, మలయాళం.
నాలుగు బొంబాయి వైపు.
ఏడు కలకత్తా, పూజలకి ముందే తొందరపెడతారు.
"తొమ్మిది ఎక్కడండీ?"
సైన్యానిది.
ఆ కుప్పలో ఒక్కటే పార్సిలు, బల్లమీద పరిచే గుడ్డ.
అక్కడ బల్ల ఉంటుందా,
అని అడగలేదు పిల్ల. నేనూ అనుకోనట్టే పక్కన పెట్టాను.

పోయినేడు ముసురులో
ఇక్కడ నాలుగొందల తొంభై ఎనిమిది తూగినవి
అక్కడ ఐదొందల ఒకటి తూగాయి.
అరవై పార్సిళ్ళకి పైమెట్టు రేటు.
మీ కాటా తప్పని గొంతు చించుకున్నాను.
ఆయన మాట్లాడకుండా లోపలికెళ్ళి
అరకిలో ఇత్తడి గుండు తెచ్చి పెట్టారు.
అంకె కదల్లేదు.
"రేవు దాటొచ్చారు కదమ్మా," అన్నారు,
"నూలండి. తాగుద్ది."

అప్పట్నుంచీ నాలుగొందల తొంభై దగ్గరే ఆపేస్తాను,
మిగతా పది గ్రాములూ ఏటికి వదిలేసి.

తెల్లారి బండి తెచ్చాడు బుల్లెబ్బాయి.
చేతికందింది అందినట్టు ఎక్కించబోయాడు.
ఆగరా నాయనా.
ముందు దిగాల్సింది ఆఖర్న ఎక్కాలి.
జాబితాలో చివరి నెంబరు లోపలి గోడకి,
ఒకటో నెంబరు తలుపు దగ్గర,
బరువైనవి అడుక్కి, చీట్లన్నీ ఆకాశం వైపు.
"పెళ్ళి భోజనాల బంతిలాగ ఉందండే," అన్నాడు.
అంతే మరి. వడ్డించేవాడికి వంగే పని ఉండకూడదు.

సఖినేటిపల్లి రేవులో పంటు మీద
మా ముందు రొయ్యల ట్రేలు, వెనక మోటారు సైకిళ్ళు.
వశిష్ఠ ఎర్రగా, బరువుగా పోతోంది.
టార్పాలిన్ అంచు చేత్తో నొక్కిపట్టుకున్నాను,
వేళ్ళ సందుల్లోంచి తడిగాలి
దారాల్లోకి దూరుతూనే ఉంది. దాన్ని ఆపే ముడి
దయామణికి కూడా తెలీదు.

నరసాపురంలో పోస్టాఫీసు వెనక తలుపు.
జాబితా ఆయన చేతిలో, తాడు కట్టిన పెన్ను.
ఎక్కడెక్కడివో పది లాగి కాటా మీద పెట్టారు.
నాలుగొందల తొంభై మూడు. తొంభై మూడు. తొంభై నాలుగు.
నా వైపు చూశారు. నేను గోడమీద క్యాలెండరు చూశాను.
కిర్రుమని కాదు, కిక్ కిక్ మని వరసగా
ఎర్రదీపం చదువుకుంటూ పోయింది.
తొమ్మిది దగ్గర ఆగి
దాన్ని మాత్రం సంచిలోకి విసరలేదు,
ఒంగి, చేత్తో లోపల పెట్టారు.

ఇరవై ఐదు నిమిషాలు.
పోయినేడు ఇదే పనికి మధ్యాన్నం భోజనం పోయింది.

రసీదు మీద మొత్తం బరువు నూటనాలుగు కిలోల చిల్లర.
అందులో నూలెంతో, నీళ్ళెంతో విడదీసి రాయలేదు.
అల్లిన చేతులు ముప్పైయొక్క జతలు, వాటికి గడే లేదు.

"టీ తాగుదామాండి?" అన్నాడు బుల్లెబ్బాయి,
ఖాళీ బండి తలుపు దడాల్న వేసి.
తాగుదాం. పంటుకి ఇంకా అరగంట ఉంది.