లిస్బన్‌లో వాన, యార్డులో తుమ్ము

బ్రాడీపేట నాలుగో లైను మలుపులో
పాత పుస్తకాల బండి మీద
ఇరవై రూపాయలకి బేరమాడి తెచ్చాను.
అట్ట మీద గొడుగేసుకున్న లావుపాటి డిటెక్టివ్,
వెనకాల లిస్బన్, ట్రామ్ బండి, వాన.

మిర్చియార్డులో
వేలంపాట అయిపోయి కాటాలు మొదలవని ఆ గంటసేపు
తేజ టిక్కీలకి ఆనుకుని చదువుతాను.

గాస్పార్ గారికి కుక్కలంటే భయం, ఎత్తెక్కితే కళ్ళు తిరుగుడు.
ఆ ఊరేమో అంతా మెట్లే.
హంతకుడనుకున్నవాడి వెంట పరిగెత్తి పరిగెత్తి
సగం మెట్ల మీద కూలబడి
ఎదురింటావిడని మంచినీళ్ళడుగుతాడు.
ఆవిడ తెచ్చేలోగా
ఆ పారిపోయేవాడూ ఆయాసపడుతూ వెనక్కొచ్చి
"నాకూ ఓ గ్లాసు" అంటాడు.

తెలుగు చేసిన మహానుభావుడెవరో గాని
కమీషనరు పొరపాటు మీద పోర్చుగీసు జవాను నోట
"అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ" అనిపించాడు.
నేను పగలబడి నవ్వితే
సుభానీ టిక్కీ దించి చూశాడు.
"ఏంటక్కా, ఘాటెక్కిందా?"
ఇక్కడ అదొక సుఖం.
కళ్ళల్లో నీళ్ళకి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

మిరపకాయ ఆ దేశపు ఓడల్లోనే మన ఒడ్డున దిగిందట,
మా షావుకారు చెబుతాడు.
అట్టాగైతే గాస్పారూ,
మీ తాతలు చేసిన పనికి
రోజూ తుమ్మేది నేను.
నీకేమో సూపులో మిరియం తగిలితే చాలు, అంబులెన్సు.

అసలు సంగతి వేరే ఉంది.
నాకంటే ముందెవరో చదివారు దీన్ని,
పెన్సిలు చేత పట్టుకుని.
ముప్ఫయ్యో పేజీలో బేకరీవాడి పక్కన: "వీడే."
డెబ్భైలో అది కొట్టేసి: "కాదు. మరదలు."
నూట పదిలో: "నాకు ముందే తెలుసు."
ఏం తెలుసో రాయలేదు.
గుండ్రటి అక్షరం, 'ళ'కి తోక ఎక్కువ.
అంచున ఓ పసుపు వేలిముద్ర.
నూట నలభై రెండులో
తెనాలికి రైలు టికెట్టు, రెండు మడతలు.
పొయ్యి దగ్గర చదివే మనిషి, రైల్లో చదివే మనిషి,
తప్పు ఒప్పుకోని మనిషి.

ఆ టికెట్టు తర్వాత పెన్సిలు లేదు.

హంతకులెవరో తేలింది.
బేకరీవాడు కాదు, మరదలూ కాదు,
మంచినీళ్ళిచ్చిన ఎదురింటావిడ.
గొడుగు మర్చిపోయి వెనక్కెళ్ళబట్టి దొరికింది.
పడీపడీ నవ్వాల్సిన చోటే.
సగమే నవ్వాను.

టికెట్టు మీద తారీఖు చెరిగిపోయింది.
తెనాలిలో దిగుతూ సీటు మీద వదిలేసిందా?
బండివాణ్ణడిగితే
"కేజీల్లెక్కన వచ్చినయ్యమ్మా" అన్నాడు.

కాటా గంట కొట్టారు.
చెవి మీది పద్దుల పెన్సిలు తీసి
ఆఖరి పేజీ కింద, చిన్నగా, రాశాను:
"మరదలు కాదండీ. మంచినీళ్ళావిడ.
మీకు ముందే తెలుసుగా."

టికెట్టు దాని పేజీలో దాన్ని ఉంచి
ఆదివారం మళ్ళీ ఆ బండికే ఇచ్చేస్తా.
పదికే తీసుకుంటాడు వాడు.
తీసుకోనీ.