గాలికి వదిలేసిన అంతస్తు

రెసీఫెలో గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది.
పేరులో నిప్పు, ఒంట్లో ఉప్పు.
సముద్రం దాటి, బస్సుల పొగ దాటి,
పీతల బురద మీదుగా నదిని దాటి
అలిసిపోయి అది చేరేచోట
పదిహేడు అంతస్తుల కాలేజీ కట్టమన్నారు.
స్థలమా, ఫుట్‌బాల్ మైదానంలో సగం.

మొదట అట్టముక్కలతో నమూనా చేసి
దాని కాళ్ళ దగ్గర దోమల కాయిల్ వెలిగించాను.
టేబుల్ ఫ్యాను సముద్రం పాత్ర వేసింది.
పొగ ఎనిమిదో అంతస్తు దాకా ఎక్కి
తల తిరిగినట్టు ఆగి
గోడ పట్టుకుని కిందికి జారింది.
బ్లేడు తీసుకుని తొమ్మిదో అంతస్తు కోసేశాను.
పొగ ఆ సందులో దూరి
అవతలికి వెళ్ళిపోయింది,
వెనక్కి కూడా చూడకుండా.

అట్లా పుట్టింది ఏమీ లేని అంతస్తు.

కమిటీలో యుదోసియు గారు,
ఖజానా ఆయనది, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంది,
ప్లాను మీద వేలు పెట్టి అడిగారు:
"ఇక్కడేముంటుంది?"
గాలి.
"అద్దె ఎంతిస్తుంది?"
నా దగ్గర లెక్కలున్నాయి:
ఏసీ లేని పదహారు అంతస్తుల కరెంటు బిల్లు,
పడమటెండకి అడ్డం నిలబెట్టిన మెట్లూ మరుగుదొడ్లూ,
చేతులు కడిగిన నీళ్ళు రెండోసారి చేసే ఉద్యోగం.
అన్నీ చెప్పాను. ఆయన ఆవలించలేదు గానీ
"అయితే ఒక అంతస్తుని గాలికి వదిలేశారన్నమాట"
అని పుస్తకంలో రాసుకున్నారు.
అవును. నేనంటున్నదీ అదే.

జెనివాల్ బట్టీలో చిల్లుల ఇటుకలు కాల్పించాం.
కొబొగో అంటారిక్కడ. మా అమ్మమ్మ వంటింటి గోడకి ఉండేవి,
వెలుగుని జల్లించి
వానని గుమ్మం బయటే నిలబెట్టేవి.
ఇరవై ఆరు వేలు. ఒక్కోదానికి నాలుగు కళ్ళు.

మార్చిలో తరగతులు మొదలయ్యాయి.
పిల్లల చొక్కాలు వీపుకి అంటుకోలేదు.
కొన్ని నెలలు నేను తలెత్తుకుని తిరిగాను.

ఆగస్టులో బిల్డింగు ఈల వేసింది.

ఈల కూడా కాదు, ఏడుపు.
తొమ్మిదిలో మొదలై మెట్ల గుండా పైకీ కిందికీ.
గణితం క్లాసులో గురువు నోరు కదులుతుంది, మాట రాదు.
పన్నెండో అంతస్తు కిటికీలోంచి జవాబు పత్రాలు ఎగిరి
కపిబరీబె నదిలో పడ్డాయి, పాసో ఫెయిలో.
యుదోసియు గారు ఫోన్ చేశారు.
"మీ అద్దెదారు గోల చేస్తున్నాడు."

గాలి కొలిచే మరతో, ముగ్గురు ఇంజనీర్లతో
వెళ్ళేసరికి తొమ్మిదో అంతస్తు నిశ్శబ్దం.
దల్వనీరా ఒక్కతే, బకెట్ బోర్లించి కూర్చుని
డబ్బాలోంచి మొక్కజొన్న కుస్‌కుస్ తింటోంది.
ఆమె వెనక ఆగ్నేయ మూల, కింది మూడు వరసల్లో
ఒక కన్ను విడిచి ఒక కంట్లో
చుట్టి కుక్కిన పాత గుడ్డలు.

"ఎలా తెలిసింది?"
"సీసా మూతి మీద ఊదుతామే చిన్నప్పుడు,
వేలు పెడితే ఊరుకుంటుంది.
తడి మాపులు ఇక్కడే ఆరేస్తాను.
అవి వేలాడిన చోట ఇది నోరు మూసుకునేది.
వారం రోజులు జరిపి జరిపి చూశాను."
మా సాఫ్ట్‌వేరు తొమ్మిది రోజులు నడిచి
సమస్యేమీ లేదంది.

గుడ్డలు తీసి మట్టి బిళ్ళలు బిగించాం,
సరిగ్గా ఆమె పెట్టిన కళ్ళల్లోనే.
ప్లానులో ఒక్కో సవరణకీ ఒక్కో అక్షరం.
దీనికి 'ద' అని రాశాను.
అ, ఆ, ఇ తర్వాత ద ఎక్కణ్ణుంచి వచ్చిందని
ఎవరూ అడగలేదు.
ఆమె జీతం పెంచమని రాసిన కాగితం మాత్రం
ఏ బల్ల మీద ఎండుతోందో నాకు తెలుసు.

ఇప్పుడు మధ్యాహ్నాలు అక్కడ చోటు దొరకదు.
నేల మీద బోర్లా పడుకుని చదివేవాళ్ళు,
చదువుతున్నట్టు నిద్రపోయేవాళ్ళు,
తమ తీగ మీద తమ వరసలో మాపులు.
నిన్న, స్తంభం చాటున యుదోసియు గారు.
టై ఎగిరి భుజం మీద పడింది.
ఒళ్ళో అన్నం, చిక్కుడుగింజలు,
మూత ఎగిరిపోకుండా మోకాలి కింద నొక్కిపెట్టారు.
నన్ను చూసి
లేవబోయి
మళ్ళీ కూర్చున్నారు.