రేకు

ఇరవై నిమిషాలన్నారు మొదట.
నిన్నటి ఉత్తరంలో పన్నెండు.
మూడు గంటల నాటకాన్ని
ఇరవైకి కుదించడానికే మాకు చలికాలమంతా పట్టింది.

లనెత్లిలో చాపెల్ వెనక గది.
హీటరు పావుగంటకో నాణెం అడుగుతుంది.
మార్గెడ్ నేలమీద బోర్లా పడుకుని
ఎర్ర పెన్సిలుతో రాజుగారి మాటలు కొట్టేస్తోంది.
దరఖాస్తులో మేమే కోతలు కోశాం,
పశ్చిమ వేల్స్‌లో మాకు తిరుగులేదని.
ఇప్పుడు నాటకానికి కోతలు.

పెద్ద కూతురు పోయింది.
రెండోదానికి ఒక చూపు మిగిలింది.
కళ్ళు పోగొట్టుకోవాల్సిన ముసలి ప్రభువు
కళ్ళు పోకముందే పోయాడు.
విదూషకుడి వేషం ఎలీనెడ్‌ది;
పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తుతుంది.
తన ఆరు జోకుల్లో ఏది బతికిందని అడగదు.
టీ కప్పులు కడుగుతుంది,
అవసరమైనదానికన్నా గట్టిగా.

నేనా, ప్రాంప్టర్ని.
ఎవరైనా తడబడితే పక్కనుంచి మాట అందించేదాన్ని.
ఈ వారం పని మారింది:
ఎవరైనా ఊపిరి పీల్చుకుంటే
ఎన్ని సెకండ్లయిందో చెబుతున్నాను.

తుఫాను దగ్గరికొచ్చి పెన్సిలు ఆగింది.
మేమెవరం హైవెల్ వైపు చూడలేదు.
చూడకపోవడం అందరికీ వినిపించింది.

హైవెల్ నటుడు కాడు. డెబ్బై మూడేళ్ళు.
రేకుల మిల్లు మూసిన రోజున
తోటివాళ్ళు గడియారాలు పుచ్చుకుంటే
అతను ఒక రేకు అడిగి తెచ్చుకున్నాడు,
మనిషంత పొడవు, అట్టంత పలచన,
పై అంచున రెండు కన్నాలు, తాడు.
మణికట్టు కదిపితే దూరపు ఉరుము.
మోచెయ్యి కదిపితే మనింటి మీది ఉరుము.
భుజం కదిపితే,
భుజం ఇప్పుడు కదలదు.
ఆపరేషనుకి వరసలో ఉన్నాడు.

"రికార్డు పెట్టుకుందాం," అన్నాడు గెథిన్.
"వాళ్ళ హాల్లో మంచి స్పీకర్లున్నాయట.
రేకు వ్యానులో పట్టదు కూడా."
పొద్దున ఏజెంటు ఫోనెత్తలేదని వాడి కోపం.
ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు
అది రేకు మీద పడింది.

హైవెల్ తలూపాడు. నొచ్చుకోలేదు,
లేదా నొచ్చుకోవడంలో
మా అందరికన్నా ఎక్కువ సాధన ఉంది.
రేకును గోడకు చేర్చాడు.
గోడకు తగిలి అది చిన్నగా ఏదో గొణిగింది.

మార్గెడ్ పెన్సిలు చెవిలో దోపుకుంది.
"రేకు వస్తుంది. పైన కట్టండి."

మర్నాడు ఎనిమిదింటికి వ్యాను.
కార్డిఫ్‌లో పదకొండుకి మా వంతు.
మెడలో పేరుపట్టీలతో నలభైమంది కూర్చుంటారట,
ఏజెంట్లు, హాళ్ళవాళ్ళు, ఊరూరికీ నాటకాలు కొనిపెట్టేవాళ్ళు.
మాకు ముందొక బృందం, మా తర్వాత కాఫీ.
రాజు వేషం ఎమ్రిస్‌ది.
ముందు సీట్లో కోటు కప్పుకుని
దగ్గుబిళ్ళ చప్పరిస్తున్నాడు.
పాత కోతకీ కొత్త కోతకీ మధ్య
మాటలు జారిపోతున్నాయి ఆయనకి.

పోర్ట్ టాల్బట్ దాటాక
గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది.
కప్పు మీద తాడొకటి వదులైంది.
మొదట మణికట్టు.
తర్వాత మోచెయ్యి.
తర్వాత భుజం,
ఏ ఆసుపత్రి వరసలోనూ లేని భుజం.

గెథిన్ బండి పక్కకి తియ్యబోయాడు.
"పోనియ్యి," అన్నాడు హైవెల్,
కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేళ్ళు ఆడిస్తూ.
"పోనియ్యి."

ఎమ్రిస్ కోటు తీశాడు.
కొట్టేసిన మాటలన్నీ మొదలుపెట్టాడు,
గాలిని తిట్టేవి, వానని రమ్మనేవి.
ఒక్కటీ జారలేదు.
వెనక సీట్లోంచి ఎలీనెడ్
ఆరు జోకులూ వేసింది.
మూడోదానికి నవ్వాను నేను,
ఏడాదిగా వింటున్నదానికి.

వాచీ నొక్కడం మరిచిపోయాను.
ఎంతసేపో చెప్పలేను.
ఒక పెట్రోలు బంకు, రెండు వంతెనలు.
గొర్రెల లారీ ఒకటి పక్కనే వస్తూ వచ్చింది.
డ్రైవరు అద్దం దించి
రోడ్డునీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.
గొర్రెలు మటుకు మమ్మల్నే చూశాయి.

కార్డిఫ్ బోర్డు కనబడ్డాక గాలి పడిపోయింది.
ఎమ్రిస్ గొంతు తడుముకున్నాడు.
"పన్నెండు," అంది మార్గెడ్, ఎవరితోనూ కాదు.
నేను వాచీని సున్నాకి తిప్పాను.