ఒకటి తక్కువ

మందుల లారీ వచ్చేసరికి
మలావీ సరస్సు మీద ఎండ వాలిపోయింది.
పెట్టెలు విప్పాలంటే ఊరి కమిటీ ఎదురుగా ఉండాలి, అది రూలు.
ఆరేళ్లుగా నేనే పిలుస్తున్నాను,
ఆరేళ్లుగా వాళ్లొచ్చి, నేను చూపించిన చోట వేలిముద్ర వేసి
వేయించిన శనక్కాయలు తిని వెళ్తున్నారు.

ఇవాళ లిగినెట్ వచ్చింది.
ఉసిపా చేపలమ్ముతుంది. మోచేతుల దాకా పొలుసులు.
ఈమెని ఎందుకు ఎన్నుకున్నారో తెలీదు,
గొంతు పెద్దదనేమో.
"లెక్కపెడతాను," అంది.

డ్రైవరు ఫైసన్ నవ్వాడు. "కాగితంలో ఉంది కదమ్మా."
"కాగితం చదవడం రాదు నాకు. పెట్టెలు చదవడం వచ్చు."

గోనె పరిచి, చేపల్ని వాటాలు వేసినట్టు
అయిదేసి అయిదేసి పేర్చింది మలేరియా డబ్బాల్ని.
మధ్యలో ఎవరో పలకరిస్తే మళ్లీ మొదటి నుంచీ.
నెలలు నిండినామె ఒకతె బల్ల మీంచి లేచొచ్చి
పక్కన నిలబడి తనూ పెదాలు కదుపుతోంది.
చీకటి పడింది. సోలార్ దీపం తెచ్చారు.

ఇరవై నాలుగుండాలి.
ఇరవై మూడు.

"దారంతా కుదుపులు..." అన్నాడు ఫైసన్.
కుదుపుకి పెట్టె పగుల్తుంది గానీ ఆవిరైపోదు.
ఆ మాట నేననలేదు.
పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నాను.
ప్రతిసారీ ఒకటి. నాకు తెలుసు.
'సర్దుకుపోవడం' అనే గడి మా రిజిస్టర్లో ఉండదు,
అన్ని గడుల్నీ అదే నింపుతుంది.

అప్పుడు లిగినెట్ గోనె మీదే కూలబడింది.
"పోయిన వానల్లో నా మనవడికి జ్వరం.
ఇక్కడికొస్తే మందు లేదన్నారు.
సంతలో కొన్నాను, రెండు బుట్టల చేపలు పోసి.
అట్ట మీద ఇదే ముద్ర, సర్కారుది.
ఎక్కడిదని అడగలేదు. వాడు బతికాడు.
ఎవరి బిడ్డకి రావలసిందో
అదీ అడగలేదు."

ఎవరూ ఆమె వైపు చూడలేదు.
అందరం డబ్బాల వైపే చూశాం,
అందరి చూరుల్లోనూ ఆ అట్టలు దాగున్నట్టు.

బొటనవేలు సిరాకి అద్ది, కాగితం పైన ఆపింది.
"ముందు నువ్వు రాయి, ఒకటి తక్కువని.
తర్వాత వేస్తాను."

ఈ కాగితం జిల్లా ఆఫీసుకి ఎన్ని రోజుల్లో వెళ్తుందో తెలుసు,
నా బదిలీ కాగితం ఎంత త్వరగా తిరిగొస్తుందో కూడా.
బయట ఇంజను మోగుతోంది.
ఆమె వేలి మీద సిరా ఆరిపోతోంది.

రాశాను. అక్షరాలు వంకరపోయాయి.
"చదువు," అంది.
చదివాను.
"గట్టిగా.
వరండాలో వాళ్లకి కూడా వినబడాలి."