ఊదారంగు కిటికీ

నవంబరు చివర్లో సూర్యుడు
సముద్రంలోకి దిగి మళ్లీ పైకి రాలేదు.
మా వార్డోలో ఏటా ఉండేదే ఇది.
జనవరి మూడో వారం దాకా
గడియారంలో ఉన్నదే పొద్దు.

నా వంటింట్లో మాత్రం
ఆరింటికి టిక్కుమని తెల్లారుతుంది,
రాత్రి పదింటికి టిక్కుమని పొద్దుగూకుతుంది.
మూడు అరల ఇనుప స్టాండు, ఊదారంగు దీపాలు,
నీళ్లు గుటకలు వేసే తెల్ల గొట్టాలు,
గాలి ఎరగని మొక్కలకి గాలంటే ఏమిటో చెప్పడానికి
ఒక బుల్లి టేబుల్ ఫ్యాను.
కిందటేడు పాలకూర. అంతకుముందు ముల్లంగి, అది అచ్చిరాలేదు.
ఈసారి కాలీఫ్లవర్, చిట్టి రకం.

నలభై రోజులు ఒట్టి ఆకులే.
ఏదో వినాలన్నట్టు చెవులు రిక్కించుకున్న ఆకులు.
ఓపిక పట్టానంటే అబద్ధం.
పాలపన్ను కోసం పసిదాని నోట్లో వేలు పెట్టినట్టు
రోజుకు నాలుగుసార్లు తడిమేదాన్ని.
ఒకనాడు తగిలింది,
గోరంత తెలుపు.

దీపం సోకి పసుపెక్కకుండా
దాని ఆకులే దాని మీదికి మడిచి
బట్టల క్లిప్పు పెట్టాను.
ఇంత చీకట్లో బతుకుతూ
డబ్బులు పోసి వెలుతురు కొనుక్కొచ్చి
ఆ వెలుతురు తగలకుండా ఒక పువ్వుకి ముసుగేశాను.
నవ్వాలో ఏం చేయాలో తెలియక
కాఫీ పెట్టుకున్నాను.

తలుపు తట్టింది డెబ్బై ఎనిమిదో రోజున.
స్యూర్. కొత్తగా వచ్చిన పోలీసు కుర్రాడు, కనుబొమల మీద మంచు.
"ఇంగెబ్యోర్ గారూ, మీ కిటికీలో ఆ ఊదారంగు..."
అని ఆగి, తన బూట్ల వైపు చూసుకున్నాడు.
ఎదురింటి టోర్లైఫ్ పని, నాకు తెలుసు.
అరవై తొమ్మిదేళ్ల ముసలిది గంజాయి పెంచుతోందని
సగం ఊరు అనుకుంటోందట.
మిగతా సగం ధర కనుక్కోమందట.

"రా, చూద్దువు గాని."
మొక్క ముందు నిలబెట్టి క్లిప్పు తీశాను.
ఆకులు విచ్చుకున్నాయి.
చలికి ముడుచుకున్న పిల్లాడి పిడికిలంత.
వాడు ఎందుకో టోపీ తీసేశాడు.

ముప్ఫై ఒక్కేళ్లు చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టాను.
ఎన్ని కాడ్ చేపల తలలు తీశానో లెక్క కంపెనీ దగ్గరుంది.
ఈ ఒక్క తల దగ్గర చెయ్యి ఆగింది.
ముల్లు లేదు, నెత్తురు లేదు,
ఎటునుంచి మొదలుపెట్టాలి?
"కాడ దగ్గర," అన్నాడు స్యూర్. "దక్షిణాన మా అత్తకి తోటుంది."
కోశాను. కిర్రుమంది,
కొత్త మంచు మీద కాలు మోపినట్టు.

ముక్కలు చేయకుండా ఉప్పునీళ్లలో నాలుగు నిమిషాలు.
మూకుట్లో వెన్న, నురగ అణిగి
వేయించిన గింజల వాసన వచ్చేదాకా.
ఆకులూ పారేయలేదు, ఈనెలతో సహా వేయించాను,
అంచులు నల్లబడి కరకరలాడాయి.
పైన జాజికాయ, రెండు గీతలు.

నా చిన్నప్పుడు కాలీఫ్లవరంటే డబ్బాలోది.
సరుకు ఓడలో వచ్చి, తెల్ల సాసులో మునిగి,
ఏ రుచీ ఒప్పుకోనిది.
మా భాషలోనూ దాని పేరులో పువ్వుంది.
ఎందుకుందో ఇన్నేళ్లూ అడగలేదు నేను.

చెరి సగం.
ఇద్దరికీ సరిపోలేదు. నిజానికి ఒక్కరికే చాలదు.
డెబ్బై ఎనిమిది రోజులు ఆరు నిమిషాల్లో అయిపోయాయి.
ఆ కరెంటు బిల్లుతో కొట్లో పదిహేను కొనొచ్చు.
ఆ లెక్క టోర్లైఫ్ వేస్తాడు, నేను వేయను.

ప్లేటులో వెన్న రొట్టెముక్కతో తుడిచి
స్యూర్ పుస్తకం తీశాడు. రిపోర్టు రాయాలి కదా.
చాలాసేపు పెన్ను కొరికి
నాకు చదివి వినిపించాడు:
"సరుకు దొరికింది. మిగల్లేదు."

వాడు వెళ్లాక
ఎదురింటి కిటికీలో తెర కదిలింది.
రెండో అరలో ఇంకోటుంది, వారం పడుతుందేమో.
క్లిప్పు ఎత్తి చూశాను.
టోర్లైఫ్‌కి పళ్లు లేవు.
దాన్ని ఇంకాస్త మెత్తగా ఉడకబెట్టాలి.