తెల్ల గుడ్డ

ఆర్నెల్లకోసారి వస్తడు.
నయీంనగర్ నాలా దాటినంక మూడో షట్టర్ నాది.
జిరాక్స్, లామినేషన్, అర్జెంట్ ఫొటోలు.
తెల్ల గుడ్డ ముందు స్టూలు మీద కూసోవెడ్త.
గడ్డం జర పైకి, అంట.
చెవులు రెండూ కనవడాలె, అంట.
నవ్వొద్దు, అని మొదటిసారే చెప్పిన.
మల్ల చెప్పే పని పడలె.

పేరు ముతసిమ్. యూనివర్సిటీల ఫార్మసీ.
ఊరు వద్ మదనీ, నీలి నైలు ఒడ్డు మీద.
"నిజంగ నీలంగుంటదా?" అనడిగితే
"వానకాలంల మీ నాలా రంగేనక్కా" అన్నడు.

చదువు నిరుడే ఒడిసింది.
సూట్‌కేసు కట్టి, గదికి తాళమేసి,
ఓనరమ్మకు తాళంచెవి ఇచ్చి
బస్టాండుల కూసున్నంక ఫోనొచ్చిందట:
విమానం దిగే జాగ లేదు,
రన్‌వే మీద ట్యాంకులున్నయని.
మల్లొచ్చి తాళంచెవి అడిగిండు.
ఓనరమ్మ ఏమనలె.
అన్నం తిన్నవా, అన్నది.

అప్పటిసంది ఈ కాయితం.
ఇంకో ఆర్నెల్లు ఈడ ఉండొచ్చు.
పని చెయ్యొద్దు.
గది మారితే ఠాణాల చెప్పాలె.
అద్దె అగ్రిమెంటు రెండు కాపీలు,
పాస్‌పోర్టు అన్ని పేజీలు, ఖాళీవి కూడ.
ఆ ఖాళీ పేజీలకు నేను పైసలు తీసుకోను.

ఫారం నేనే కొడ్త, పక్కన నిలవడి అక్షరాలు చెప్తడు.
ఎందుకు ఉండాలె, అని ఒక గడి.
రెండొందల అక్షరాల కన్న ఎక్కువ పట్టయి.
మొదటిసారి వాళ్లమ్మ గురించి రాసుకొచ్చిండు, పట్టలె.
రెండోసారి వాళ్ల గల్లీ గురించి. అదీ పట్టలె.
ఇప్పుడు యుద్ధం అని ఒక్క మాటే కొట్టమంటడు.
ఇంగ్లీషుల మూడే అక్షరాలు.
నూట తొంబై ఏడు మిగుల్తయి.

శాశ్వత చిరునామా కాడ ఇద్దరం ఆగుతం.
"ఇల్లు లేదక్కా, గోడ ఉన్నది" అన్నడు పోయినసారి.
గోడకు నంబరుంటదా, అన్న.
అని నాలిక కర్సుకున్న.
ఖాళీ ఇడిస్తే ముందుకు పోదు, ఎర్రగైతది.
పాత నంబరే కొట్టిన.
కంప్యూటర్ ఒప్పుకున్నది.

నా షట్టరు మీద కూడ ఒక కాయితముంటది.
రోడ్డు ఎడల్పుకు ఆరు ఫీట్లు పోవాల్నని నోటీసిచ్చిన్రు,
ఆరు ఫీట్లు పోతే నాకు మిగిలేది స్టూలు జాగ.
లైనంత కలిసి కోర్టుకు పోయినం.
స్టే వచ్చింది, లామినేషన్ చేసి అతికిచ్చిన.
పిల్లగాడు అది కూడబలుక్కోని చదివి
"నీకూ స్టేనేనా అక్కా" అన్నడు.
నవ్వాగలే ఇద్దరికి.
ఆ రోజు ఫొటో నాలుగుసార్లు తీసిన.

సాయంత్రాలు వచ్చి మా అమ్మ బీపీ గోలీలు సూస్తడు.
ఇది పొద్దున, ఇది తిన్నంక, అని పట్టీ మీద గీతలు గీస్తడు.
ఇది పని కిందికొస్తదా, అని భయపడ్తడు.
రాదు బిడ్డా, అంటది అమ్మ,
నేనేమన్న పైసలిస్తున్ననా.

ఎనిమిది ఫొటోలు తీస్తే ఆఫీసుకు ఆరు.
ఒకటి నా డబ్బల ఏస్త.
ఐదుసార్లయి ఐదు మొఖాలున్నయి అండ్ల,
వరుసగ పెడ్తే చెంపలు లోపటికి పోతుంటయి,
గుడ్డ మాత్రం పచ్చవడుతున్నది, ఉతకాలె.

ఎనిమిదోది వాళ్లమ్మకు ఫోన్ల పంపుతడు.
ఆమె ఇప్పుడు వేరే దేశంల, డేరాల ఉన్నదట.
నిన్న ఆమె అడిగిందట:
"నీ ఎనక ఏం లేదేంది బిడ్డా?
ఏడున్నవు నువ్వు?"

లేసి తెల్ల గుడ్డ పక్కకు గుంజిన.
షట్టరు నిండ ఎత్తిన.
మిర్చిబండి, సైకిల్ పంచర్ల యాదగిరి,
తాడుకు ఏలాడే అరటిగెల,
నా స్టే కాయితం ఒక మూల.
ఈసారి నవ్వొచ్చు, అన్న.

జరసేపు పట్టింది.
ఎనక హన్మకొండ డిపో బస్సొకటి ఆగి
ఎవలో దిగి, పోయింది.