మోకాళ్ళకు చెవులుండవు

మారేడుపల్లిలో మెట్లెక్కితే ఒక కాఫీ కొట్టు.
ముప్పై రెండు కుర్చీలు, ఒక గాజు తలుపు,
మూలన మంచమంత జాగా. దాన్నే స్టేజీ అంటారు.
శనివారం ఐదింటికి ఆటోలోంచి మిక్సర్ దింపాను
పసిపిల్లని దింపినట్టు, అడుగున చెయ్యి పెట్టి.

క్లెమెంట్ అప్పటికే వచ్చేశాడు.
వాడి యాంప్ ఇరవై రెండు కిలోలు.
వెనక గాజు వాల్వులు ఎర్రగా కాగుతున్నాయి
ఇస్త్రీ బండి బొగ్గుల్లా.
"నాలుగు దాటితేనే దీనికి ప్రాణం వస్తదన్నా,
మూడు మీద పెడితే దుప్పట్ల మాట్లాడినట్టుంటది."
అబద్ధమేం కాదు.
ఆ మాట అనని గిటారిస్టుని
ఇరవయ్యేళ్ళలో నేను చూడలేదు.

నాలుగున్నర మీద పెట్టాడు.
గిటార్ పెరిగింది కదా అని ముజఫర్
సంచిలోంచి లావు పుల్లలు తీశాడు.
డ్రమ్స్ పెరిగాయి కదా అని తిరుపాల్ బేస్ పెంచాడు,
వీపు ఇటు తిప్పి, నేను చూడట్లేదనుకుని.
నల్లా దగ్గర బిందెల వరస.
ఒకటి జరిగితే అన్నీ జరుగుతాయి.

మధ్యలో ఉజ్వల నోరు కదులుతోంది.
ఆమె మైకు పెంచాను. ఇంకొంచెం. ఇంకొంచెం.
కుయ్యిమంది.
కౌంటర్లో కుర్రాడు ట్రే వదిలేసి చెవులు మూసుకున్నాడు.

ముందు పోయేవి హల్లులు.
స పోతుంది, త పోతుంది, ప పోతుంది.
రెండు నెలలు కొట్టేసి కొట్టేసి రాసుకున్న పాట
చివరి టేబుల్ చేరేసరికి
ఆ... ఊ... ఏ...
అచ్చులే మిగిలి,
ఉయ్యాల్లో పాప ఏదో అడుగుతున్నట్టు.

తగ్గించమని నేననలేదు.
అంటే తగ్గిస్తారు.
రెండో పాటకి మళ్ళీ ఎక్కుతుంది
ఎవరు పెంచారో తెలీకుండా, ఉల్లిగడ్డ ధరలా.

కిందికెళ్ళి పాన్ డబ్బా కొమురయ్య దగ్గర
ఖాళీ సోడా క్రేటు అడిగి తెచ్చాను.
యాంప్ ముందంచు దాని మీదికెక్కించి
వీపు గోడకి వాల్చాను.
డాబా మీద వెల్లకిలా పడుకున్నవాడిలా
అది మొదటిసారి క్లెమెంట్ మొహంలోకి చూసింది.

ఇంతసేపూ అది వాడి మోకాళ్ళతో మాట్లాడింది.
మోకాళ్ళకు చెవులుండవు.
వాడికి అందనిదంతా దూసుకెళ్ళి
మూడో టేబుల్ మీద కూర్చోబోయే ఎవరి నుదుటికో తగిలేది.

ఒక్క తీగ మీటాడు.
వెనక్కి జరిగాడు.
"ఇంత గీసుకపోతున్నదా అన్నా?
ఇంతసేపు ఇట్లనే ఉన్నదా?"
నేను కేబుల్ చుట్టుకుంటున్నాను.
వాడే వంగాడు, వాడి వేళ్ళతోనే
మూడు, తర్వాత రెండున్నర.
కాస్త ప్రాణం పోయింది, ఒప్పుకోవాలి.
ముజఫర్ అడగకుండానే సన్న పుల్లలు తీశాడు.

నాకీ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు.
ఎనిమిదేళ్ళు బరాత్ వ్యాన్ల వెనక,
నిమజ్జనం లారీల పక్కన నిలబడ్డాను.
ఎడమ చెవిలో ఎవరూ ఊదని ఈల ఒకటి.
రాత్రి ఫ్యాను ఆపితే పెద్దదవుతుంది.
దానికి నాబ్ లేదు.

ఎనిమిదింటికి కుర్చీలు నిండాయి.
ఖాళీ గది ఒకటి చెబుతుంది, నిండిన గది మరొకటి.
మనుషులు శబ్దాన్ని తాగుతారు,
చొక్కాలతో, జుట్టుతో, ఒళ్ళో పెట్టుకున్న హెల్మెట్లతో.
క్లెమెంట్ నావైపు చూశాడు. ఒక్క వేలు ఎత్తాను.
వాడు అరవేలే పెంచాడు.

మూడో పాటలో ఒకచోట అందరూ ఆగారు.
ఎవరో చెంచాతో చక్కెర కలుపుతున్నారు.
ఆ చప్పుడు మీద ఉజ్వల
ఒకే ఒక మాట పెట్టింది: తాళంచెవి.
త వినిపించింది. ళ వినిపించింది.
చెంచా ఆగింది.

పదింటికి ముందే తీగలన్నీ విప్పి
క్రేటు తిరిగిచ్చాను.
"పైన ప్రోగ్రాం అయిందా? కిందికేం వినపళ్ళేదే"
అన్నాడు కొమురయ్య సున్నం రాస్తూ, గొణిగినట్టు.
కుడివైపు నిలబడ్డాను కాబట్టి
నాకది వినపడింది.